గడపకు ఎడమ మూల

సూర్యాపేట,
కార్తీక పౌర్ణమి మర్నాడు.

అరుంధతి వదినకు,

నమస్కారాలు. ఫోను చేస్తే నీకు వినపడదు. వీడియోలో గట్టిగా మాట్లాడితే నీకు కోపం. "టైపు కొట్టిన మాటలు చప్పగుంటయి, కాయితం మీద రాయి" అని నువ్వే అన్నావు కాబట్టి, బేరాలు లేని ఈ మధ్యాహ్నం షాపులో జాకెట్టు గుడ్డల మధ్య కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే దారపు రీళ్ళ డబ్బా మీద పెట్టి రాసినందుకు అనుకో.

వదినా, ఇల్లు మొదలుపెట్టాను.

నిన్న పొద్దున్నే తిరుమలగిరి రోడ్డు పక్కన మన ప్లాటులో ముగ్గు పోశారు. మల్సూర్ మేస్త్రీ మూలమూలకూ మేకులు కొట్టి, దారం లాగి, దాని వెంబడే సున్నం జారవిడుచుకుంటూ పోయాడు. ఇదిగో హాలు, ఇదిగో వంటిల్లు, ఇది బిడ్డ హిమజ గది అంటున్నాడు. నాకేమో అది చాక్‌పీసుతో గీసిన జాకెట్టు గుడ్డలా కనిపించింది. ఇంత చిన్నదా నా ఇల్లు అని గుండె జారింది.

"ఇదేంది మేస్త్రీ, మంచమేస్తే మనిషి నిలబడ జాగ ఉంటదా?" అన్నాను.

"ముగ్గుల ఎవ్వరి ఇల్లయినా చిన్నగనే కనబడ్తదమ్మా. గోడలు లేస్తే పెద్దగైతది. మీరు పరేషాన్ కాకుర్రి," అన్నాడు. రోజుకు ఎంతమందికి చెబుతాడో ఆ మాట.

అందరూ పోయాక నేనొక్కదాన్నే ఉండిపోయాను. నవ్వకు. చెప్పులు బయటే విడిచి, వాకిలి కోసం వదిలిన సందులోంచే లోపలికి వెళ్ళాను. గీత దాటలేదు. ఒక కుక్క మాత్రం సరాసరి గోడలోంచి వచ్చి వంటింట్లో పడుకుంది, దాన్ని అదిలించాను. పొగమంచు ఇంకా విడవలేదు. పడకగదిలో కొంగు పరుచుకుని పడుకుని పైకి చూశాను. మీ తమ్ముడు ఈ ప్లాటు కొన్న రోజు ఇలాగే పడుకుని, "దేవికా, గీడ మంచం, గాడ కిటికీ" అన్నాడు. ఆయన పోయి రెండేళ్ళవుతున్నా నేను పక్కన చోటు వదిలే పడుకున్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది?

అసలు సంగతి చెప్పనీ. ఇప్పుడందరూ చేస్తున్నట్టే ముందు పిల్లర్లు లేపి స్లాబ్ పోసేస్తారు, గోడలు తర్వాత. పుష్యమాసంలో ముహూర్తాలు లేవు కాబట్టి మాఘంలో గడపతో సహా దర్వాజ నిలబెడతారు. ఆ రోజు గడపకు పసుపు రాయాల్సింది ఇంటి ఆడపడుచు. మీ తమ్ముడికి నువ్వు తప్ప తోడబుట్టిన అక్కా లేదు, చెల్లీ లేదు. రావాలి.

నీ
దేవిక


కోదాడ,
నవంబరు చివర.

దేవికకు,

నీ ఉత్తరం అందింది. గీతల ఇంట్లో కుక్కను అదిలించిన మొదటి ఇల్లాలివి నువ్వే. మా ఆయనకు చదివి వినిపిస్తే నవ్వాడు. నవ్వు నాకు వినపడలేదు గానీ బొజ్జ ఊగడం కనిపించింది.

మంచి పని చేశావు. వాడు ఉన్నన్నాళ్ళూ ఇల్లు ఇల్లు అని అందరి చెవులూ కొరికాడు. నా చెవులు కూడా వాడు కొరికితేనే పోయాయేమో.

కానీ నన్ను పిలవకు. నేను శుభకార్యాలకు పోవడం మానేశాను, నీకు తెలియనిది కాదు. మనుషులు నా ముందుకు వచ్చి పెద్దగా నోరు తెరిచి మాట్లాడతారు, పసిపిల్లకు అన్నం పెట్టేటట్టు. చుట్టుపక్కల వాళ్ళు మూతి దాచుకుని నవ్వుతారు. చెవి మిషన్ పెట్టుకోవచ్చు కదా అంటావు. డాక్టరు ఇచ్చిన మిషన్ బంగారంలా ఉంది, తడి తగలకుండా బియ్యం డబ్బాలో దాచాను. పెట్టుకుంటే గిన్నె కింద పడిన చప్పుడు, మనిషి మాట, రోడ్డు మీద లారీ, అన్నీ ఒక్కసారే తలలోకి దూరుతాయి. ఒక్క రోజు భరించి తీసేశాను. బియ్యానికే వినపడనీ.

దర్వాజకు ఇంకెవరినైనా చూసుకో. మన వైపు ఆడపిల్లలకు కరువా?

నాకు ఒక్క పని మాత్రం చేసిపెట్టు. ఫోటోలు పంపకు, అందులో ఎవరి ఇల్లయినా ఒకేలా ఉంటుంది. ఇల్లు కడుతుంటే ఏమేం చప్పుళ్ళు వస్తాయో రాయి. మా నాయన మునగాల దగ్గర పొలంలో కొట్టం కట్టించినప్పుడు రోజంతా అక్కడే కూర్చుని వినేదాన్ని. అవి ఒక్కొక్కటిగా మరిచిపోతున్నాను.

అరుంధతి


సూర్యాపేట,
డిసెంబరు.

వదినకు,

స్లాబ్ అయిపోయింది! చెప్పమన్నావు కాబట్టి చెప్పుళ్ళన్నీ, కాదు, చప్పుళ్ళన్నీ రాస్తాను. చూశావా, సంతోషంలో కలం కూడా తడబడుతోంది.

ఇసుక జల్లెడ పడితే నువ్వు బియ్యం చెరిగే చప్పుడే వస్తుంది, కాకపోతే కాస్త బొంగురు గొంతు. సెంట్రింగ్ రేకులు పరుస్తుంటే బడి గంట చెడిపోయినట్టు ఉంటుంది. స్లాబ్ రోజు కంకర కలిపే మిల్లర్ తెల్లవారకముందే మొదలైంది. దాని కడుపులో కంకర దొర్లుతుంటే పక్కనున్న మనిషికి మన మాట వినిపించదు. ఆ రోజు అక్కడ అందరికీ నీ చెవులే, వదినా. అందరూ సైగలతోనే పని నడిపారు. నువ్వుంటే పెద్ద మేస్త్రీవి నువ్వే అయ్యేదానివి.

తట్టలు అందించే ఆడవాళ్ళ వరుసలో మంగ్లీ అని తండా నుంచి వచ్చే ఆమె ఉంది. మిల్లర్ ఆగినప్పుడల్లా తమ భాషలో పాట అందుకుంటుంది, మిగతావాళ్ళు అందులో కలుస్తారు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ తట్ట బరువు తగ్గించే పాట అని తెలిసింది. నేను ఓ పక్కన కూర్చుని కాగితం మీద గీస్తుంటే వచ్చి, "ఏం రాస్తున్నవమ్మా, మా కూలి లెక్కనా?" అంది.

"కాదు, చప్పుళ్ళు రాస్తున్న. మా వదినకు."

"గీ మిల్లర్ చప్పుడు రాస్తే నీ కాయితం చినుగుతది," అని నవ్వుకుంటూ పోయింది. సాయంత్రం అందరికీ మటన్ దావత్ ఇచ్చాను. మల్సూర్ మేస్త్రీ తిని, "ఇల్లు గట్టిగుంటదమ్మా," అని దీవించాడు. ముక్కలు మెత్తగా ఉడికినందుకు అనుకుంటాను.

ఇప్పుడు స్లాబ్ మీద చిన్న చిన్న మళ్ళు కట్టి నీళ్ళు నింపారు. పొద్దున్నే నిచ్చెనెక్కి చూస్తే నా ఇంటి మీద పొలం ఉంది, వదినా! నాట్లు వేయడమే తక్కువ. మంచులో నీళ్ళూ ఆకాశమూ ఒకే రంగు. ఒక తెల్ల కొంగ కూడా పొలమే అనుకుని వచ్చి, మడి గట్టు మీద చాలాసేపు ఆలోచించి వెళ్ళిపోయింది. కింద కర్రల మధ్య నిలబడితే పైనుంచి నీటి బొట్లు పడుతుంటాయి. ఒకటి పడ్డాక ఇంకొకటి పడేదాకా ఊపిరి బిగబట్టుకుని వింటాను. ఇంతకు ముందు ఏ చప్పుడునూ ఇలా విన్నదాన్ని కాదు. నీ కోసం వినడం మొదలుపెట్టాక నాకే కొత్త చెవులు వచ్చినట్టున్నాయి.

ఇంకో సంగతి. తూర్పు వైపు గది నీకని అనుకున్నాను. కాలింగ్ బెల్లు నీకు వినపడదు కదా, గేటు తీసి ఎవరు వస్తున్నా మంచం మీద నుంచే కనిపించేట్టు పెద్ద కిటికీ పెట్టమని మేస్త్రీకి చెప్పాను. ఎలా ఉంది నా తెలివి?

నీ
దేవిక


కోదాడ,
డిసెంబరు.

దేవికా,

నాకు గది కట్టమని నిన్ను ఎవరడిగారు?

చెవులు పోతే మనిషిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, వచ్చేపోయే వాళ్ళను చూపిస్తారా? నాకు ఇక్కడ ఇల్లుంది, మొగుడున్నాడు, చూసుకోవడానికి కిటికీలున్నాయి. నా మీద ఎవరూ జాలిపడాల్సిన పని లేదు, నువ్వు అసలే వద్దు. నీ కష్టం నీకు చాలు.

చప్పుళ్ళు బాగా రాశావు. ఇక రాయకు.

అరుంధతి


సూర్యాపేట,
పుష్యం.

వదినకు,

రాయకు అన్నావు కాబట్టి చాలా రోజులు ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను.

జాలి కాదు వదినా. ఆ ఇంట్లో నేనూ హిమజా ఉంటాం. హిమజ మిర్యాలగూడ హాస్టలులో చదువుకుంటోంది, రేపు ఉద్యోగమంటూ ఎటో పోతుంది. గేటు చప్పుడైతే ఎవరో వచ్చారని ఆశపడి లేచే మనిషిని నేను. అక్కడ నువ్వు అప్పుడప్పుడైనా ఉంటే బాగుంటుందని నా కోసం అనుకున్నాను. నీ గది అని చెప్పి నా ఆశ నీ మీద పెట్టాను. తప్పయితే క్షమించు. తూర్పు వైపు గోడ గీతను అలాగే ఉంచమని, కిటికీ సంగతి తర్వాత చెబుతానని మేస్త్రీతో అన్నాను.

స్లాబ్ కింది కర్రలు తీసేశారు. ఇప్పుడు పైకప్పు ఉంది, పిల్లర్లు ఉన్నాయి, గోడలు లేవు. పొద్దున వెళ్ళేసరికి మంచు ఈ వైపు నుంచి ఇంట్లోకి వచ్చి, హాలంతా తిరిగి, వంటింట్లోంచి బయటికి పోతూ ఉంటుంది. చుట్టానికి కూడా అంత చనువు ఉండదు. నేను మధ్యలో స్టూలు వేసుకుని టీ తాగుతాను. ఎదురుగా రోడ్డు మీద తిరుమలగిరి బస్సు లైట్లు వేసుకుని మెల్లగా పోతుంటే, నేనే ఏదో నెమ్మదిగా కదిలే దాంట్లో కూర్చుని ఉన్నట్టు ఉంటుంది. ఇల్లు పూర్తి కాకపోయినా బాగుండు అనిపిస్తుంది ఒక్కోసారి. ఇక్కడ ఎవరూ నన్ను ఏమీ అనరు.

మాఘంలో ముహూర్తం కుదిరింది. మీ చిన్నమ్మ, అదే మా పుష్పమ్మ చిన్నత్త, అంతా తన చేతుల మీదుగా జరిపిస్తానంది. నువ్వు రాకపోతే వరసకు ఆడపడుచయ్యే రచనతో పసుపు రాయిస్తారట. రచన మంచి పిల్లే. ఇబ్బంది ఏమీ లేదు. నువ్వు నిశ్చింతగా ఉండు.

దేవిక


మిర్యాలగూడ,
పుష్యం చివర.

దేవికకు,

ఊరు మారింది చూశావా. వడ్లు దిగే రోజులు కదా, మా ఆయన రైసు మిల్లు దగ్గరే ఉండిపోతున్నాడని నేనూ వచ్చి ఇక్కడ గది తీసుకున్నాను. మిల్లు నడుస్తుంటే నాకు అరికాళ్ళలో తెలుస్తుంది. నేల సన్నగా వణుకుతుంది. రోజూ పొద్దున చెప్పులు విడిచి నిలబడి, మిల్లు లేచిందా లేదా అని ఆయనకంటే ముందు నేనే చెబుతాను.

ఆదివారం హిమజ హాస్టలు నుంచి వచ్చింది. అన్నం తింటూ తింటూ ఆగిపోయి, ఫోనులో టైపు చేసి నా ముందు పెట్టింది: "దర్వాజ నాడు అమ్మ దగ్గరికి రావొద్దన్నరంట అత్తా. దూరంగ కంకర కుప్ప కాడ నిలబడమన్నరంట."

ఇది నువ్వు నాకెందుకు రాయలేదు?

కొంగ వచ్చిందని రాశావు. మంచు టీ తాగడానికి వచ్చిందని రాశావు. "ఇబ్బంది ఏమీ లేదు" అని రాశావు. ఆ ముక్క చదివినప్పుడే అనుకున్నాను, ఇబ్బంది లేనివాళ్ళు అలా రాయరని.

నేనూ ఒకటి దాచాను, చెబుతాను. శుభకార్యాలు మానింది నవ్వుతారని కాదు. నవ్వితే నవ్వనీ, నాకు నోరు లేదా? పోయిన ఏడు కోదాడలో ఒక పెళ్ళిలో దూరపు చుట్టం ఒకామె వచ్చి నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. వినపడితే కదా. అలవాటుగా నవ్వి, తలూపి, "మంచిది, మంచిది" అన్నాను. ఆమె చెప్పింది వాళ్ళమ్మ పోయిన సంగతి. ఆమె నా చెయ్యి వదిలేసిన తీరు ఇప్పటికీ ఈ చేతికి గుర్తుంది. అప్పటి నుంచి మనుషుల్లోకి పోవాలంటే భయం, దేవికా. నాకు, భయం.

ఇప్పుడు నువ్వు చెప్పు. అంతా చెప్పు.

అరుంధతి


సూర్యాపేట,
అమావాస్య ముందు.

వదినా,

అంతా చెబుతాను.

ముహూర్తం పెట్టించుకు వచ్చిన రోజు చిన్నత్త నన్ను పక్కకు పిలిచింది. కోపంగా కాదు, నా తల నిమురుతూనే చెప్పింది. "నీ మంచికే చెప్తున్న బిడ్డా. పసుపు కుంకుమ పని ముత్తైదువలది. నువ్వు గడప ముట్టొద్దు. జర దూరం నిలబడు. రేపు పిల్లకు ఏమన్నా అయితే ఎవలు జవాబు?" అంది. హిమజ మాట తెచ్చింది కదా. సరే అన్నాను.

సరే అన్నానే గానీ, వదినా, ఆ రోజు నుంచి నాకు ఇంట్లోకి పోబుద్ధి కావడం లేదు. ఈ ఇంటికి సిమెంటు బస్తాలు దించింది నేను. మళ్ళకు నీళ్ళు పట్టింది నేను. వేళ్ళు పగిలి, షాపులో పట్టు గుడ్డ పట్టుకుంటే పోగులు లేస్తున్నాయి. ఆ చేతులు గడపకు పనికిరావట. అందరూ పోయాక రాయి, ఎవరు చూస్తారు అంది హిమజ. నా ఇంటి గడపకు నేను దొంగతనంగా పసుపు రాయనా?

నాకు వేరే ఏ ఆశా లేదు. ఆ గడపకు ఒక్కసారి, అందరి ముందూ, నా చేత్తో పసుపు రాయాలి. అంతే. ఈ మాట ఎవరితోనూ అనలేదు, నీకే రాస్తున్నాను. రాస్తుంటే కూడా సిగ్గుగా ఉంది, పెళ్ళి చీర అడిగినట్టు.

చిన్నత్తను ఎదిరించలేను. ఆయన పోయినప్పుడు పది రోజులు నాకు అన్నం కలిపి పెట్టిన మనిషి ఆమె.

దేవిక


మిర్యాలగూడ.

దేవికకు,

వస్తున్నాను. పసుపు నేనే తెస్తాను.

తలంటు పోసుకుని మంచి చీర కట్టుకుని ఉండు. ఏ చీరకు ఏ జాకెట్టు అని మ్యాచింగ్ సెంటర్ ఆమెకు నేను చెప్పేదేముంది? కంకర కుప్ప దగ్గర నిలబడమంటే నిలబడు. నేను పిలిచినప్పుడు మాత్రం రా.

మిగతాది నన్ను అడగకు.

అరుంధతి


సూర్యాపేట,
మాఘం.

వదినకు,

నువ్వు బస్సెక్కి వెళ్ళి రెండు రోజులైనా నా గోళ్ళలో పసుపు పోలేదు. పోగొట్టుకోను కూడా. షాపులో ఇవాళ ఒకామె తెల్ల గుడ్డ అడిగితే కట్ చేయడానికి భయపడ్డాను.

ఆ రోజు ఏం జరిగిందో నీకు కనిపించింది గానీ వినపడలేదు కదా. అందుకని ఆ చప్పుళ్ళన్నీ రాయడం నా బాధ్యత. ఇది నీ బాకీ అనుకో.

నువ్వు కొంగు తల నిండా కప్పుకుని ఆటో దిగి, టిఫిన్ డబ్బాలో తడిపి తెచ్చిన పసుపు పట్టుకుని తిన్నగా గడప దగ్గర కూర్చున్నావు. టేకు దర్వాజ ఇంకా నేల మీద ఇటుకల మీదే ఉంది. అయ్యగారు మంత్రాలు చదువుతున్నారు. నేను కంకర కుప్ప దగ్గర నిలబడ్డాను. నువ్వు తలెత్తి, "దేవికా, గిట్ల రా" అని ఒక్క కేక వేశావు. నీకు వినపడదు కాబట్టి నీ గొంతు ఎంత పెద్దదో నీకు తెలియదు. రోడ్డు మీద పోయేవాడు సైకిలు ఆపాడు.

నేను వచ్చేసరికి నా చెయ్యి లాగి అరచేతి నిండా పసుపు పెట్టావు. అప్పుడు మొదలైంది.

"అరుంధతీ! నువ్వు రాయి! దానితోని రాపియ్యకు!" అంది చిన్నత్త. నువ్వు నవ్వి తలూపావు.

"ఏయ్, ఆపుర్రి! శుభకార్యం కాడ గదేం పని! ఎవలన్నా ఆపుర్రి!"

నువ్వు చిన్నత్త వైపు తిరిగి ఎంతో వినయంగా, "నాకేం వినబడ్తలేదు చిన్నమ్మా. కాయితం మీద రాసియ్యి, తర్వాత సదువుకుంట" అన్నావు. రచన కొంగు నోట్లో కుక్కుకుంది. మల్సూర్ మేస్త్రీ దర్వాజ పట్టుకున్న చేతులు వణికాయి, నవ్వుకి. అయ్యగారు గడియారం చూసుకుని, "ముహూర్తం దాటిపోతుందమ్మా, ఎవరో ఒకరు రాయండి" అన్నారు.

నువ్వు నా మణికట్టు పట్టుకుని గడప మీద పెట్టావు. ఆ తర్వాత నాకు ఏమీ వినపడలేదు, వదినా. చెవుల్లో ఒకటే హోరు. కళ్ళ నిండా నీళ్ళు. చేతి కింద చెక్క చల్లగా, నున్నగా ఉంది. రాస్తూ పోయాను. ఎవరు ఏమన్నారో, ఎంతసేపు అన్నారో తెలియదు. మళ్ళీ వినపడింది దర్వాజ లేపినప్పుడే. నలుగురూ ఎత్తి దాని చోట్లో దించారు. ఆ చప్పుడు చెప్పనా? మూటలు మోసి వచ్చిన మనిషి అన్నీ దించి, నేల మీద చతికిలబడి, "హమ్మయ్య" అనుకున్నట్టు ఉంది. అంతే. దర్వాజ అవతలి నుంచి మంచు ఇంకా ఇంట్లోకి వస్తూనే ఉంది. మొదటిసారి దర్వాజలోంచి వచ్చింది.

నువ్వు విననందుకే ఇదంతా జరిగింది. నీ చెవులకు నేను దండం పెట్టాలి.

ఒక్కటే ముల్లు. చిన్నత్త భోజనానికి ఉండకుండా ఆటో ఎక్కింది. నా వైపు చూడలేదు. నాకు అన్నం కలిపి పెట్టిన చెయ్యి అది. ఆమె మనసు విరిచి ఇల్లు కట్టుకున్నానేమో అని నిద్ర పట్టడం లేదు.

నీ
దేవిక


కోదాడ,
మాఘం.

ఇల్లు గల దేవికకు,

నా చెవులకు దండం పెట్టకు. అవి ఆ రోజు సెలవులో లేవు.

మిర్యాలగూడలో బస్సెక్కే ముందే, కోదాడ నుంచి మా ఆయనతో తెప్పించిన బియ్యం డబ్బాలోంచి మిషన్ తీసి చెవికి పెట్టుకున్నాను. తల నిండా కొంగు కప్పుకున్నది భక్తితో అనుకున్నావా? సూర్యాపేట దాకా బస్సు హారన్ తలలో మేకులు కొడుతూనే ఉంది. పళ్ళు బిగపట్టి కూర్చున్నాను. పెట్టుకున్నది చిన్నమ్మ మాటలు వినడానికి కాదు. దర్వాజ చోట్లో పడే చప్పుడు ఈసారి నీ కాగితం మీద కాకుండా నేనే వినాలనుకున్నాను. విన్నాను. నువ్వు రాసినట్టే ఉంది.

చిన్నమ్మ "ఆపుర్రి" అన్న ప్రతిసారీ విన్నాను. నవ్వి తలూపడం నాకు కొత్త కాదు కదా. ఆ పెళ్ళిలో నన్ను పాడు చేసిన నవ్వే ఇక్కడ పనికొచ్చింది.

ఇప్పుడు నువ్వు వినని చప్పుడు ఒకటి నేను రాస్తాను. బాకీ తీర్చడం నాకూ వచ్చు.

నీ చెవుల్లో హోరు అన్నావే, అప్పుడు చిన్నమ్మ నా వెనకే నిలబడి ఉంది. అరిచి అరిచి గొంతు పోయింది. తర్వాత ఎవరికీ కాదన్నట్టు అంది, "ప్లాటు కొన్ననాడు సుధాకర్ ముందుగాల నాకే చెప్పిండు. గిది దేవిక ఇల్లు చిన్నమ్మా, అన్నడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. నువ్వు రాస్తున్న గడప వైపే చూస్తోంది. మెల్లగా, "ఎడమ దిక్కు మూల వదిలేసింది. జర ఎవలన్నా చెప్పుర్రి పిల్లకు," అంది.

ఎవరూ చెప్పలేదు. ఆమె మళ్ళీ తిడుతోందనుకుని అందరూ దర్వాజ వైపు తిరిగారు. నేను చెబితే మిషన్ గుట్టు బయటపడుతుంది. అంతసేపు అరిచిన నోటితో నీతో తాను ఎలా చెబుతుంది? అందుకే ఆటో ఎక్కింది. కోపంతో కాదు, సిగ్గుతో. ఆ రెంటికీ ముఖం ఒకేలా ఉంటుంది.

తూర్పు గదికి కిటికీ పెట్టించు. పెద్దదే పెట్టించు. నేను వచ్చినప్పుడు నువ్వు దూరం నుంచే చూసి టీ పెట్టాలి.

ముందు పోయి గడప చూడు. ఎడమ మూల ఇంకా చెక్క రంగులోనే ఉంటుంది. చిన్నమ్మను ఆటోలో తీసుకువచ్చి, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని రాయి. పసుపు డబ్బా నీ షాపులో గల్లాపెట్టె వెనక ఉంది. కావాలనే వదిలి వచ్చాను.

నీ
వదిన